గ్లెండా పెట్టని సంతకం

పోయిన వారం గ్లెండా హెప్‌వర్త్‌ని షెఫీల్డ్‌లో ఇళ్ళు అద్దెకిప్పించే టింకర్ గారి ఆఫీసు గుమ్మంలో, వానలో నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం ఆవిడ వారం రోజులుగా అక్కడే తడుస్తోంది. లోపలికి తీసుకెళ్ళే ముందు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

గ్లెండాది బార్న్‌స్లీ. యాభై ఆరేళ్ళు. సిటీ బస్సు నడుపుతుంది. భర్త బారీ పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక్కతే కూతురు టెస్సా, షెఫీల్డ్‌లో నర్సు చదువు రెండో ఏడు. ఆ పిల్ల మరో నలుగురితో కలిసి ఒక మూడంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుంది. క్రిస్మస్ సెలవులకి ఎవరిళ్ళకి వాళ్ళు పోతూ, గ్యాసు ఖర్చు మిగులుతుంది కదా అని ఆ మహానుభావులు హీటరు పూర్తిగా ఆపేసి పోయారు. సన్నగానైనా వెలుగుతూ ఉంచమని అద్దె కాగితంలో రాసి ఉంది, కానీ ఆ వయసులో అద్దె కాగితం చదివేదెవరు? చలికి పైన గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి, గొట్టం పగిలి, పది రోజుల పాటు ఇల్లంతా కారింది. కింద గది పైకప్పు ఊడి సోఫా మీద పడింది. హీటరు ఆపినందుకు బీమా కంపెనీ చేతులు దులుపుకుంది. ఆ తరవాతే గ్లెండాకి టింకర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: ఆ ఇంటి అద్దెకీ, నష్టానికీ పూచీ పడ్డది మీరు కాబట్టి ముప్పై ఒక్క వేల పౌన్లు కట్టండి, లేదంటే మీ ఇంటి మీద కోర్టుకి వెళతాం.

అక్కడే ఉంది తిరకాసు. గ్లెండా ఎవరికీ పూచీ పడలేదు. పడదు కూడా. పద్దెనిమిదేళ్ళ కిందట బారీ ఒక స్నేహితుడి సారాకొట్టు లీజుకి పూచీ పడ్డాడు. ఆ స్నేహితుడు రాత్రికి రాత్రి జారుకున్నాడు, వీళ్ళ ఇల్లు పోయింది. రెండేళ్ళ టెస్సాని చంకనేసుకుని, అక్క ఐరీన్ ఇంట్లో వెనక గదిలో రెండేళ్ళు తలదాచుకున్నారు. ఆనాడే గ్లెండా ఒట్టు పెట్టుకుంది, కన్నబిడ్డకైనా సరే పూచీ సంతకం పెట్టనని. టెస్సా ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఆ మాట చెప్పాల్సి వస్తుందేమోనని భయపడింది కూడా. కానీ పూచీ అక్కర్లేదట, కాలేజీవాళ్ళే చూసుకుంటారట అని ఐరీనే కబురు తెచ్చింది. గ్లెండా గండం గడిచిందనుకుంది.

ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మూడు రోజులుగా టెస్సా ఫోను ఎత్తడం లేదు. సంగతి ఇదీ. ఇక లోపలికి పదండి.

ఆ వీధి పొడవునా ఇలాంటి ఆఫీసులే. అద్దాల నిండా ఇళ్ళ ఫొటోలు, ప్రతి ఫొటో మీదా అడ్డంగా ఎర్ర చీటీ, 'అయిపోయింది' అని. అవన్నీ సెప్టెంబరులో చేరాల్సిన ఇళ్ళు, ఇది ఇంకా మార్చి. కాలేజీలో చేరి రెండు నెలలు తిరక్కముందే, ఒకరి పేర్లు ఒకరికి సరిగ్గా రాకముందే, ఈ పిల్లలు మరుసటి ఏడాది ఇంటికి ఐదుగురేసి జట్టు కట్టి సంతకాలు పెట్టేస్తారు. ఆగితే మంచి ఇళ్ళు దొరకవని ఒకళ్ళని చూసి ఒకళ్ళు పరుగు. చెప్పుల జత కొనుక్కోవడానికైనా అంతకంటే ఎక్కువ ఆలోచిస్తారు.

గ్లెండాని కారులో తీసుకొచ్చింది ఐరీనే. అరవై దాటిన మనిషి, పిల్లల్లేరు, టెస్సాని సగం పెంచింది ఆవిడే. నోరు మంచిది. ఎవరినైనా సరే 'బంగారం' అనకుండా మాట పూర్తి చెయ్యదు. మాంసం కొట్టువాడూ బంగారమే, పళ్ళ డాక్టరూ బంగారమే, ఒకసారి తనకి పార్కింగు జరిమానా రాసిన కుర్రాడు కూడా బంగారమే. తడిసిన స్కార్ఫు విప్పి ముందు గదిలో సోఫాలో కూలబడింది.

"నువ్వెళ్ళవే. కాగితాల గొడవలు నాకు తెలీవు. ఇక్కడే కూర్చుంటా," అంది.

ముందు గదిలో కూర్చునే అమ్మాయి గ్లెండాని లోపలికి తీసుకెళ్ళి, అద్దాల తలుపు మూసి వెళ్ళింది.

హోవర్డ్ టింకర్‌ని చూడగానే గ్లెండాకి సగం కోపం చల్లారింది, అదే ఆవిడకి చిరాకు తెప్పించింది. దారి పొడవునా ఒక గుంటనక్కని ఊహించుకుని వచ్చింది. ఇక్కడ చూస్తే, మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెటరు తొడుక్కున్న ముసలాయన, పుదీనా బిళ్ళల డబ్బా ముందుకు జరిపి తీసుకోమంటున్నాడు. ఆవిడ బిళ్ళ తీసుకోలేదు. బస్సు తోలుతూ వందసార్లు అనుకున్న మాటలు తడుముకోకుండా అప్పజెప్పేసింది. ఈ ఉత్తరం పొరపాటున వచ్చింది, తను ఎవరికీ పూచీ పడలేదు, ఇంకెవరో హెప్‌వర్త్ అయి ఉంటారు, చూసుకోండి.

టింకర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చున్నాక, బడిపిల్లకి చెప్పినంత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అద్దె కాగితం మీద ఐదుగురు పిల్లలున్నా, బాధ్యత ఐదు ముక్కలు కాదు. ఏ ఒక్కరినైనా మొత్తానికి పట్టుకోవచ్చు, వాళ్ళ పూచీదార్లని కూడా అంతే. టెస్సా తన వాటా అద్దె ఒక్క నెలా తప్పలేదు, ఆ పిల్లని వేలెత్తి చూపడానికి లేదు, కానీ దానివల్ల లాభం లేదు. మిగతా నలుగురి పూచీదార్లలో ఇద్దరు ఈ దేశంలోనే లేరు, ఒకాయన దివాలా తీశాడు, ఇంకొకావిడ తనే అద్దె ఇంట్లో ఉంటోంది.

"సొంత ఇల్లున్నది మీ ఒక్కరికే, మిసెస్ హెప్‌వర్త్. ఇంటి యజమాని లాయరు ముందుగా మీ పేరే చూశాడు. నేను చేసిన పని కాదమ్మా ఇది, ఆ చట్టం అలా ఉంది," అన్నాడు టింకర్.

అసలు సంతకమే నాది కాదంటుంటే చట్టం గురించి నాకెందుకండీ అని గ్లెండా గొంతు పెంచింది. టింకర్ సొరుగులోంచి ఒక ఫైలు తీసి, అందులో పైనున్న పూచీకత్తు కాగితం ఆవిడ వైపు తిప్పి పెట్టాడు.

గ్లెండా దాని మీదికి వంగి చూసింది.

సంతకం ఆవిడదే. అంటే, ఆవిడ పెట్టింది కాదు, కానీ ఆవిడదే. జి అక్షరం కింద కొక్కెం, హెచ్ మీదుగా టి దాకా లాగిన అడ్డగీత, చివర విసిరినట్టు ఒక చుక్క. బ్యాంకులో పెట్టేది, బస్సు డిపో రిజిస్టరులో పొద్దున్నే నిద్రకళ్ళతో పెట్టేది అచ్చంగా ఇదే. వెనక ఆవిడ పాస్‌పోర్టు నకలు. దాని వెనక ఇంటి పన్ను బిల్లు, మూల మీద టీ మరకతో సహా. ఆ మరక గ్లెండాకి తెలుసు, చేసింది ఆవిడే. ఆ కాగితాలు వంటింటి సొరుగులోవి. ఆ సొరుగులోంచి నడిచి ఇక్కడికి ఎలా వచ్చాయి?

ఈ ప్రపంచంలో తన సంతకం తనంత బాగా పెట్టగలిగిన మనిషి ఒకరున్నారని ఆవిడకి తెలుసు. టెస్సాకి పన్నెండేళ్ళప్పుడు గ్లెండాకి తెల్లవారుజాము డ్యూటీ. బడికి పంపాల్సిన చీటీల మీద సంతకం పెట్టే తీరిక ఉండేది కాదు. పెద్దమ్మా, పిల్లా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కాగితాల నిండా 'గ్లెండా హెప్‌వర్త్' అని రాసి రాసి నేర్చుకున్నారు. ఒకరోజు ఇంటికొచ్చేసరికి ఇద్దరూ పడీ పడీ నవ్వుతున్నారు. గ్లెండా కూడా నవ్వింది. పోనీలే, నాకో పని తప్పిందని ఊరుకుంది. బుద్ధిలేని పని చేశానని ఇన్నాళ్ళకి తెలిసింది.

తేదీ చూడమన్నాడు టింకర్. చూసింది. పదహారు నెలల కిందటి నవంబరు పద్నాలుగు.

నవంబరు పద్నాలుగున గ్లెండా బార్న్‌స్లీ ఆసుపత్రిలో ఉంది. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి మత్తుమందిచ్చి, పొట్టలోంచి పిత్తాశయం తీసేశారు. మర్నాటి దాకా తన పేరేమిటో తనే సరిగ్గా చెప్పలేకపోయింది. ఆసుపత్రి రికార్డు ఉంది, కోసిన డాక్టరు ఉన్నాడు, పొట్ట మీద నాలుగు మచ్చలున్నాయి. ఒక్క ముక్క చెబితే చాలు, ఈ కాగితం చిత్తుకాగితం అవుతుంది. ఆ ఒక్క ముక్కా నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు టింకర్, అసలు విషయం ఇంకా ఉందన్నాడు. పూచీకత్తు అందగానే, పూచీదారు ఇంటికి ఫోను చేసి, నిజంగా మీరే పెట్టారా అని అడిగి, ఆ మాటలు రికార్డు చెయ్యడం వాళ్ళ ఆఫీసు పద్ధతి. ఆ రోజు కూడా చేశారు. వినండి అని కంప్యూటరు మీద ఏదో నొక్కాడు.

ముందు ఆఫీసు అమ్మాయి గొంతు. పుట్టిన తేదీ అడిగింది. తల్లి పుట్టింటి పేరు అడిగింది. ఐదుగురి తరఫునా మొత్తానికి పూచీ అని అర్థమైందా అని అడిగింది. అన్నిటికీ ఒక ఆడమనిషి తడబాటు లేకుండా జవాబు చెప్పింది. కాస్త బొంగురు గొంతు, మధ్యలో సిగరెట్టు దగ్గు.

"అర్థమైందమ్మా, మొత్తానికీ నాదే పూచీ. నా ఒక్కగానొక్క కూతురు కదా. ఉంటా మరి, బంగారం."

క్లిక్కుమంది.

గ్లెండా కదల్లేదు. తల తిప్పితే అద్దం అవతల, పన్నెండు అడుగుల దూరంలో, ఆ గొంతు మనిషి టీ తాగుతూ పత్రిక తిరగేస్తోంది. తల తిప్పకూడదని గట్టిగా అనుకుని టింకర్ స్వెటరు గుండీల వంకే చూస్తూ కూర్చుంది. ఆపరేషనైన వారం ఇంటి తాళాలు ఐరీన్ దగ్గరే ఉన్నాయి, పిల్లికి అన్నం పెట్టడానికి. కాగితాలు అలా నడిచాయన్నమాట. పెద్దమ్మ ఫోనులో మాట్లాడింది, పిల్ల సంతకం గీసింది. తను మత్తులో పడి ఉన్న పూట, తన ఇంట్లో, తన బల్ల మీద, తన బతుకుని తాకట్టు పెట్టారు. ఇంత పని చేసి, ఇద్దరూ పదహారు నెలలు తనతో కలిసి భోంచేశారు, పుట్టినరోజు కేకు కోశారు. కిందటి వేసవిలో ఇంటి అప్పు తీరిపోయినట్టు బ్యాంకువాళ్ళు పంపిన ఉత్తరానికి చట్రం కట్టించి గోడకి తగిలించింది కూడా వాళ్ళిద్దరే. గ్లెండాకి ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి కదా.

ఫోనులో గొంతు వేరేగా ఉంటుంది, ఎదురుగా వేరేగా ఉంటుంది, అది మామూలే అన్నాడు టింకర్. అంటూనే ఆవిడని కొంచెం ఎక్కువసేపు చూశాడు. తరవాత చేతులు బల్ల మీద జోడించి, తను ఒక్కటే ప్రశ్న అడగాలన్నాడు. ఈ ప్రశ్నకి మీరు మీ అంతట మీరే, ఇంకెవరి మాటా చూడకుండా జవాబు చెప్పాలి, లాయరు మరీ మరీ చెప్పాడు అన్నాడు.

"ఈ సంతకం, ఈ గొంతు మీవేనా, కాదా? కాదంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈ ఫైలు ఇప్పుడే పోలీసులకి ఇచ్చేస్తాను. మీ ఇల్లు మీకుంటుంది. ఆ తరవాత ఎవరు పెట్టారన్నది వాళ్ళు చూసుకుంటారు."

ఎవరు పెట్టారన్నది వాళ్ళు చూసుకుంటారు. ఆ మాట గ్లెండా చెవిలో గింగురుమంది. వాళ్ళు ముందుగా వెళ్ళేది టెస్సా దగ్గరికి. ఫోర్జరీ కేసున్న పిల్లని నర్సుగా ఎవరు తీసుకుంటారు? ప్రతి ఏడూ ఒక కాగితం రాయించుకుంటారని టెస్సాయే చెప్పింది, నా మీద ఏ కేసూ లేదు, నా నడవడి మంచిది అని. కిందటి నెల ఆసుపత్రి శిక్షణలో ఒక ముసలావిడ తన చెయ్యి పట్టుకునే ప్రాణం వదిలిందని ఫోనులో చెబుతూ గంటసేపు ఏడ్చింది. ఏడుస్తూనే, అమ్మా, నేను ఈ పనికే పుట్టానే అంది. ఆ పిల్లకి ఇంకో పని రాదు, ఇంకో పని వద్దు.

ఇటు ఇల్లు. పదహారేళ్ళు పొద్దున నాలుగున్నరకి లేచి, మంచులో, తాగుబోతుల తిట్లలో, బస్సు తోలి కట్టిన ఇల్లు. అందులో ప్రతి ఇటుకా ఏ షిఫ్టుదో చెప్పగలదు ఆవిడ.

టింకర్ తొందరపెట్టలేదు, పాపం. ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకుని కిటికీలోంచి వానని చూస్తూ ఉన్నాడు. గ్లెండాకి బారీ గుర్తొచ్చాడు. ఎందుకు పెట్టావయ్యా సంతకం అని ఆనాడు నిలదీస్తే, వాడు అడిగితే కాదనలేకపోయానే అన్నాడు తల వంచుకుని. ఆ జవాబు విన్నందుకు మొగుడితో ఏడాది సరిగ్గా మాట్లాడలేదు తను. ఇప్పుడు తనని ఎవరూ అడగను కూడా లేదు.

"నాదే," అంది.

టింకర్ ఇటు తిరిగాడు. మొహంలో తేలిక కనబడాల్సింది, కానీ కనబడింది ఆశ్చర్యం. ఖాయమేనా అని అడిగాడు. సంతకం నాదే, ఫోనులో మాట్లాడిందీ నేనే, మర్చిపోయాను, అప్పుడు ఆపరేషనయి మందుల మీద ఉన్నాను అని గ్లెండా గడగడా చెప్పేసింది. ఆయన ఇంకోసారి అడిగాడు, అమ్మా, ఆలోచించుకోండి అని. ఆవిడకి విసుగొచ్చింది. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు, రాసివ్వమంటే రాసిస్తాను, ఇవ్వండి కాగితం అంది.

కాగితం సిద్ధంగానే ఉంది. రెండే వాక్యాలు. గ్లెండా కలం పట్టుకుంది. జి కింద కొక్కెం, హెచ్ మీదుగా అడ్డగీత, చివర చుక్క. ఈసారి నిజంగా ఆవిడే పెట్టింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, దొంగ సంతకమే కాస్త పొందిగ్గా ఉంది.

టింకర్ బెల్లు నొక్కాడు. ముందు గది అమ్మాయి వచ్చి, ఆ కాగితం లాయరుకి పంపడానికి తీసుకెళ్ళింది. తలుపు మూసుకున్నాక ఆయన ఫైలు అడుగునుంచి ఒక కవరు తీశాడు. దాన్ని వెంటనే ఇవ్వలేదు, అటూ ఇటూ తిప్పాడు.

మీరు జవాబు చెప్పేదాకా దీన్ని చూపించకూడదని లాయరు మాట, ఇప్పుడు చెప్పేశారు కాబట్టి చూపించొచ్చు అన్నాడు. నిజం చెప్పాలంటే, మీరు కాదంటారనే అనుకున్నాను, అనాలనే కోరుకున్నాను అన్నాడు. పోయిన శుక్రవారం టెస్సా ఇక్కడికి వచ్చిందట. పూచీకత్తు చూపించమని అడిగిందట. చూసి ఈ కుర్చీలోనే కూర్చుని ఇది రాసిచ్చి వెళ్ళిందట.

గ్లెండా కవరు విప్పింది. కూతురి రాత. ఎక్కడ చూసినా గుర్తుపట్టే రాత.

'ఇది మా అమ్మ సంతకం కాదు. ఈ తేదీన మా అమ్మ ఆపరేషన్ బల్ల మీద ఉంది, ఆసుపత్రిలో అడగండి. మా అమ్మ పూచీ పడిందని నాకు పెద్దమ్మ చెప్పింది. ఆ సంగతి ఎత్తితే అమ్మకి నాన్న గొడవ గుర్తొచ్చి బాధపడుతుందనీ, ఎప్పుడూ ఎత్తొద్దనీ చెప్పింది. అందుకే ఎత్తలేదు. ఇవాళ కాగితం చూశాకే నాకు తెలిసింది. పోలీసులు ఎవరొచ్చినా ఇదే చెబుతాను. అమ్మ ఇల్లు ముట్టుకోకండి. మా అమ్మ ఈ ఇంటి కోసం ఎంత కష్టపడిందో మీకు తెలీదు.'

గ్లెండా చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. వంటింటి బల్ల దగ్గర ఆ సాయంత్రం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. పెద్దమ్మా, పిల్లా, బల్ల నిండా కాగితాలు, ఇద్దరి నవ్వులు. ఎనిమిదేళ్ళుగా ఆ నవ్వులో ఆవిడ పిల్లనే చూసింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దిద్దించిన చేతిని చూడలేదు. నేర్చుకున్నది టెస్సా. నేర్పింది ఎవరు?

నా కూతుర్ని దొంగ అనుకున్నాను. ఆ ముక్క ఆవిడ మనసులో అంతే వచ్చింది, ముందూ వెనకా ఏమీ లేకుండా. ఇల్లు పోతోందన్నది కూడా ఆ తరవాతే గుర్తొచ్చింది. టెస్సా తన మెడ మీదికి తెచ్చుకుని మరీ అమ్మ ఇల్లు కాపాడింది. అమ్మ వచ్చి, పావుగంటలో, స్వహస్తాలతో దాన్ని రాసిచ్చేసింది. పైగా, కూతురు రాసింది అబద్ధమని సంతకం పెట్టి మరీ ఇచ్చింది.

ఆ కాగితం వెనక్కి ఇవ్వండి అంది. అది లాయరుకి వెళ్ళిపోయిందమ్మా అన్నాడాయన. కవరు అడుగున ఇంకో చిన్న చీటీ ఉంది, చూశారా అని టింకర్ అడిగాడు. లేదంది. తీసి చదివింది.

'మా అమ్మకి ఇది ఫోనులో చెప్పలేను. ఫోనెత్తితే దాచలేక ఏడ్చేస్తాను. అమ్మని మీ ఆఫీసుకి పిలవండి, నేనూ వస్తాను. కానీ ఒక్కర్తినే రమ్మనండి. పెద్దమ్మని వెంట తీసుకురావద్దని చెప్పండి.'

"నాకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు రావాలో కూడా చెప్పలేదు," అంది గ్లెండా. ఉత్తరం చూసి తనంతట తనే వచ్చానంది.

టింకర్ కనుబొమలు ముడిపడ్డాయి. డైరీ తెరిచి వేలు పెట్టి చూశాడు.

"అదేంటమ్మా? సోమవారం పదకొండింటికి నేనే మీ ఇంటికి ఫోను చేశాను. టెస్సా ఒక ఉత్తరం ఇచ్చింది, శుక్రవారం మీరొక్కరే రండి, అక్కగారు వద్దు అని చెప్పాను. విని, అలాగే బంగారం అన్నారు కదా మీరు? రేపటిదాకా ఆగలేక ఇవాళే వచ్చేశారనుకున్నాను."

సోమవారం పదకొండింటికి గ్లెండా మూడో నంబరు బస్సు తోలుతోంది. ఇంట్లో బట్టలుతికే యంత్రం బాగుచేసే మనిషి వస్తాడంటే, నువ్వెళ్ళవే, నేనుంటాలే అని కూర్చుంది ఐరీన్. ఆ రాత్రే మళ్ళీ, శుక్రవారం దాకా ఎందుకు, గురువారం నీకు సెలవే కదా, నేను తీసుకెళతాను, తేల్చిపారేద్దాం అంది. గ్లెండా సరే అంది. శుక్రవారం అన్న మాట అక్క నోట ఎందుకొచ్చిందో అప్పుడు అడగలేదు.

ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. అద్దం అవతలినుంచి అది కనబడినట్టుంది, గబగబా అడుగుల చప్పుడైంది. తట్టకుండానే తలుపు తెరుచుకుంది. తడి స్కార్ఫు చేతి మీద వేసుకుని, కంగారుగా, ప్రేమగా, ఎప్పటిలాగే వచ్చింది ఐరీన్.

"ఏమైందే? ఏడుస్తావేంటి? అయిపోయిందా, బంగారం?"

డైరీ మీద టింకర్ వేలు ఆగిపోయింది. ఆయన మెల్లిగా తలెత్తి, ఇందాక గొంతు వినిపించిన కంప్యూటరు వంక చూశాడు, గుమ్మంలో నిలబడ్డ మనిషి వంక చూశాడు, చివరికి గ్లెండా వంక తిరిగాడు.

"మిసెస్ హెప్‌వర్త్," అన్నాడు, "ఈవిడ ఎవరో చెబుతారా?"

గ్లెండా భుజం మీద అప్పటికే అక్క చెయ్యి పడింది.